అద్దం ఉన్న కెమెరా, అద్దం లేని కెమెరా

సాక్చి బజారులో ఒక కొట్లో గాజు బల్ల మీద రెండు కెమెరాలు పక్కపక్కన పెట్టించుకుని మూడు శనివారాలు చూశాను. కొట్టతను విసుక్కోలేదు. విసుక్కోవలసింది నా మీద నేనే. నాకు ఏది కావాలో మొదటి శనివారమే తెలుసు. తెలిసి కూడా అది వదిలేసి పక్కది కొన్నాను. ఈ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా నాకు ఒళ్లు మండుతోంది.

నా సంగతి కొంచెం చెప్పాలి. నాకు ఇరవై తొమ్మిదేళ్లప్పుడు నా భర్త పచ్చకామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. బర్మామైన్స్‌లో తమ్ముడి క్వార్టరుకు ఆనుకుని ఉన్న గదిలో ఉంటూ, కాసిడీహ్‌లో ఒక బడి ఆఫీసులో గుమాస్తా పని చేస్తున్నాను. పద్దెనిమిదేళ్లు అయింది. ఆ పద్దెనిమిదేళ్లలో నేను ఎక్కువగా చేసిన పని నా మేనకోడల్ని పెంచడం. మరదలికి ఒంట్లో బాగుండేది కాదు. పిల్లకి జడలు వేసి, ముక్కు తుడిచి, లెక్కలు చెప్పి, చేయి పట్టుకుని బడికి తీసుకెళ్లింది నేను. అది తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేది, అయినా 'అత్తా' అన్న పిలుపు మాత్రం మార్చలేదు.

మా వాళ్లు శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఉక్కు ఫ్యాక్టరీ ఊరికి వచ్చి రెండు తరాలైంది. భాష సగం పోయింది, వంటల్లో ఆవాలూ చింతపండూ తగ్గాయి, పాటలు మరిచిపోయారు. కానీ మొగుడు పోయిన ఆడది నలుగు దగ్గర ఉండకూడదన్నది మాత్రం ఒక్క అక్షరం పోకుండా అలాగే ఉంది. ఎవరూ పొమ్మనరు, అంత మొరటు మనుషులు కారు. "అక్కా, వంటకాడ ఓసారి సూసి రావా" అంటారు. వంట దగ్గర చూడడానికి ఏమీ ఉండదు. వంటవాడు నన్ను చూసి ఒక స్టూలు వేస్తాడు. పాట అయిపోయే దాకా అక్కడ కూర్చోవాలి. నేను ఎన్ని పెళ్లిళ్లలో ఎన్ని స్టూళ్ల మీద కూర్చున్నానో లెక్క లేదు.

బడి వార్షికోత్సవాలకు ఫోటోలు తీయడం నాకు అలవాటైంది. బడిది ఒక పాత కెమెరా ఉండేది, అది నా బీరువాలోనే ఉండేది. ఒకసారి మా వీధిలో పెళ్లి. కుదుర్చుకున్న ఫోటోగ్రాఫరు మగవాడు, నలుగు గదిలోకి మగవాళ్లు రాకూడదు. ఆడవాళ్లెవరికీ కెమెరా పట్టుకోవడం రాదు. నన్ను పిలిచారు. ఒక ముసలావిడ మొహం చిట్లించింది గానీ పక్కావిడ, "ఫోటోలు తీసేదానికి అయన్నీ ఏటుంటాయి, తియ్యనీ" అంది. నేను గోడకు ఆనుకుని పాట మొదటి నుంచి చివరి దాకా ఆ గదిలోనే ఉన్నాను. పిండి, పసుపు, నూనె వాసన, పెళ్లికూతురి మెడ మీద జారే నీళ్లు, అన్నీ చూశాను. ఎవరూ నన్ను వంట దగ్గరికి పంపలేదు. ఇంటికొచ్చాక సంతోషంతో అన్నం కూడా తినబుద్ధి కాలేదు.

ఆ రోజే అనుకున్నాను, నా మేనకోడల్ని పెళ్లికూతుర్ని చేసే రోజున నేను ఆ గదిలో ఉంటానని. మెడలో కెమెరా ఉంటే ఉంటాను. అప్పటికి దానికి ఇరవై రెండేళ్లు, నర్సు కోర్సు అయిపోవస్తోంది, సంబంధాలు చూస్తున్నారు. బడి కెమెరా బడిది. నాకు సొంతది కావాలి. దానికంటే పెద్ద కోరిక నాకు ఇంకేమీ లేదు.

ఇందులో నాకు తోడు వచ్చింది నా స్నేహితురాలు. ఇద్దరం ఒకే వీధిలో పుట్టాం, ఒకే బెంచీ మీద చదివాం. దానికి వీధి మొగలో బ్యూటీ పార్లరు ఉంది, పెళ్లికూతుళ్లను ముస్తాబు చేస్తుంది. ఏ ఇంట్లో నలుగు పెట్టినా అది గదిలో ఉండాల్సిందే. నాకు కెమెరా పని తెచ్చి పెట్టింది కూడా అదే. "ముస్తాబు నాది, ఫోటోలు నీయి, ఇద్దరం ఒక జట్టు" అనేది. నేను మురిసిపోయేదాన్ని. నా భర్త పోయినప్పుడు పది రోజులు నా పక్కన పడుకున్న మనిషి అది, అందుకే దాని మాట నాకు వేదం.

ఇక కెమెరాల సంగతి. రెండూ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసినవే, రెండింటికీ లెన్సు ఊడదీసి వేరేది పెట్టుకోవచ్చు. మొదటిదాని లోపల చిన్న అద్దం ఉంటుంది. కంటికి ఆనించుకుంటే ఎదుటి మనిషి గాజులోంచి ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. మీట నొక్కితే ఆ అద్దం పైకి లేచి పడుతుంది, అందుకే టప్పుమని చప్పుడు. బరువుగా ఉంటుంది గానీ చేతిలో నిండుగా కూర్చుంటుంది. ఒకసారి ఛార్జింగు పెడితే రెండు పెళ్లిళ్లు లాగేస్తుంది. దానికి సరిపడే పాత లెన్సులు సాక్చిలో కావలసినన్ని దొరుకుతాయి.

రెండోదానికి ఆ అద్దం లేదు. చిన్నది, తేలిక, మా బడి రిజిస్టరు కంటే బరువు ఉండదు. కంటికి ఆనించుకుంటే లోపల చిన్న టీవీలాంటిది కనిపిస్తుంది. ఫోటో ఎంత వెలుగుగా వస్తుందో నొక్కకముందే చూపిస్తుంది. మధ్యాహ్నానికే బ్యాటరీ అయిపోతుంది, లెన్సులు తక్కువ, ఉన్నవి కొత్తవే కొనాలి. కానీ ఒక మీట తిప్పితే చప్పుడు పూర్తిగా పోతుంది. కొట్టతను నా మొహం ముందే పది ఫోటోలు తీశాడు, నాకు తెలియనే లేదు. "షాదీ మే, పూజా మే, కిసీకో పతా భీ నహీఁ చలేగా" అన్నాడు.

నాకు కావలసింది అదే కదా. ఎవరికీ తెలియకూడదు. పాట పాడుతుండగా టప్పుమంటే తలలు తిరుగుతాయి. తలలు తిరిగితే చప్పుడు చేసిందెవరో చూస్తారు. నా నుదురు చూస్తారు. అప్పుడు ఎవరికో ఒకరికి వంట గుర్తుకొస్తుంది. అద్దం లేని కెమెరాతో ఆ గదిలో నేను రోజంతా ఉండిపోవచ్చు. మొదటి శనివారం ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో నా స్నేహితురాలితో ఇదే చెప్పాను.

అది ఒప్పుకోలేదు. "ఏటే, సప్పుడు రాకపోతే ఫోటో తీసినట్టు జనానికి ఎలగ తెలుత్తాది? టప్పుమంటేనే నవ్వుతారు" అంది. రెండో శనివారం బ్యాటరీ మాట ఎత్తింది. మూడో శనివారం మాత్రం నన్ను పడగొట్టే మాట అంది. "నేనూ కొంతాను కదా. ఇద్దరం అద్దందే కొందాం. కంపెనీ ఒకటైతే నీ లెన్సు నాదానికి ఎక్కుద్ది, నాది నీదానికి ఎక్కుద్ది. నువ్వు సీకటి గదికి పనికొచ్చే సిన్న లెన్సు కొను, నేను దూరానిది కొంతాను. ఇద్దరికీ రెండూ ఉన్నట్టే. నువ్వు ముందు కొనీ, నేను దసరా కాడ కొంతాను."

ఇంకేం కావాలి? ఒకరి లెన్సు ఒకరికి ఎక్కుతుందన్న మాట నాకు ఎంత నచ్చిందంటే, నాకు ఎందుకు కెమెరా కావాలో ఆ క్షణానికి మరిచిపోయాను. ఇన్నేళ్ల తర్వాత నాతో ఒకరు పంచుకుంటామన్నారు, అదీ నా ఆనందం. అద్దం ఉన్నది కొన్నాను, చీకటి గదికి చిన్న లెన్సు కూడా కొన్నాను. అది నా కంటే ఎక్కువ సంబరపడి కొట్టతనితో బేరం కూడా ఆడింది.

దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, అది కొనలేదు. అడిగితే ఫ్రిజ్ పాడైందని ఒకసారి, పార్లరు కుర్చీ మార్చాలని ఒకసారి అనేది. నేను ఒత్తిడి చేయలేదు. ఈలోగా నాలుగు ఇళ్లలో నలుగు ఫోటోలు తీశాను. రెండు ఇళ్లలో నేననుకున్నట్టే అయింది. పాట మధ్యలో టప్పుమంది, తలలు తిరిగాయి. ఒక ఇంట్లో పెళ్లికొడుకు తాలూకు పెద్దావిడ నా స్నేహితురాలి చెవిలో ఏదో అంది. అది నా దగ్గరికొచ్చి, "పద, బయట టెంటు కాడ తీసుకుందువు" అని నెమ్మదిగా తీసుకొచ్చేసింది. నా పరువు కాపాడిందనుకుని దానికి థాంక్స్ కూడా చెప్పాను.

మాఘమాసంలో మేనకోడలి పెళ్లి కుదిరింది. అబ్బాయిది రూర్కెలా, పిల్లకీ అక్కడే ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. నేను వారం ముందు నుంచే సాధన మొదలుపెట్టాను. తమ్ముడి ముందుగదిలో పీట వేసి, దాని మీద బిందె పెట్టి, కిటికీ వెలుగులో ఆ బిందెను వందసార్లు తీశాను. చప్పుడు తగ్గడానికి పాటలో ఊపు వచ్చినప్పుడే నొక్కడం నేర్చుకున్నాను. పిల్ల చూసి నవ్వేది. "అత్తా, బిందె బహుత్ సుందర్ లగ్ రహీ హై" అనేది. దానికి నా ఆశ తెలుసు. చెప్పకపోయినా తెలుసు.

నలుగు రోజు పొద్దున స్నానం చేసి, మెడలో కెమెరా వేసుకుని ముందుగది గుమ్మం దగ్గరికి వెళ్లాను. లోపల పేరంటాళ్లు కూర్చుంటున్నారు. నా స్నేహితురాలు ముస్తాబు పెట్టె తెరిచి దువ్వెనలు తీస్తోంది. దువ్వెనల కింద నుంచి ఒక కెమెరా తీసింది. అద్దం లేనిది. సాక్చి బల్ల మీద నేను మూడు వారాలు పట్టుకుని చూసిన రకమే.

ఈలోగా మరదలు గుమ్మానికి అడ్డంగా వచ్చింది. "వదినా, బయట షామియానా కాడ పెద్దోలు వత్తన్నారు, ఆల ఫోటోలు తియ్యి. లోపల ఈవిడ సూసుకుంతాది" అంది, నా మొహం చూడకుండా. నా స్నేహితురాలు గబగబా బయటికొచ్చి నన్ను తులసి కోట దగ్గరికి లాక్కెళ్లింది. "నిన్ననే కొన్నానే, నీకు సెప్దామనుకున్నాను. సూడు, నువ్వు ఏటీ అనుకోకు. అమ్మాయే అంది, అత్త బయట ఉంటే బాగుంటాదని. అత్తింటోలు వత్తన్నారు కదా, దాని బయ్యం దానిది. పెళ్లిపూట దాన్ని ఏటీ అడగకు" అంది.

అమ్మాయే అందట. ఊరంతా అనేది వేరు. చెప్పుడు మాటలకు చెవులు మూసుకోవచ్చు. నేను జడలు వేసిన పిల్ల నేను అక్కడ ఉండకూడదంటే ఇక ఎవరి మీద కోపం తెచ్చుకోను? బయట షామియానా కింద వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ తీశాను. లోపల పాట వినిపిస్తూనే ఉంది. ఆ మూడు రోజులూ పిల్లతో సరిగా మాట్లాడలేదు. అది కూడా నాతో మాట్లాడలేదు. అప్పగింతలప్పుడు అందరి మీదా పడి ఏడ్చింది, నా దగ్గర మాత్రం కాళ్లకు దండం పెట్టి లేచింది. బిడ్డకు నేనంటే భయం పట్టుకుందనుకున్నాను. రూర్కెలా రైలు వెళ్లిపోయింది.

పెళ్లి తర్వాత శనివారం నా స్నేహితురాలు మెమరీ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. ఫోటోలు ఏరి, వీడియోలు అతికించి పెళ్లివాళ్లకు ఇచ్చే పని ఎప్పుడూ నాదే, దానికి కంప్యూటరు రాదు. "అన్నీ ఇందులోనే ఉన్నాయి. వీడియోలకి సౌండు ఉండదులే, సైలెంటులో పెట్టినాను. పాటలు కలుపు" అంది. చప్పుడు ఆపే మీట తిప్పితే కెమెరా చెవులు కూడా మూసుకుంటుందనుకుంది పాపం. ఆ మీట ఆపేది ఫోటో తీసేటప్పుడు వచ్చే చప్పుడును మాత్రమే. వీడియోలో మాటలు పడుతూనే ఉంటాయి.

బడి అయిపోయాక ఆఫీసు కంప్యూటరులో కార్డు పెట్టాను. నా స్నేహితురాలికి కార్డు ఖాళీ చేసే అలవాటు లేదు. మొదటి ఫోటో నుంచి అన్నీ ఉన్నాయి. మొదటి ఫోటోలో పార్లరు అద్దంలో అది కెమెరా పట్టుకుని నవ్వుతోంది. తారీఖు చూశాను. మా మూడో శనివారానికి పది రోజుల ముందుది. అంటే నాతో బల్ల ముందు నిలబడి, "ఇద్దరం అద్దందే కొందాం" అన్న రోజుకి దాని పెట్టెలో రెండోది ఉంది. ఆ తర్వాత నేను ఎరగని ఇళ్ల నలుగు ఫోటోలు, ఒకటి కాదు రెండు కాదు. అయినా మేనకోడలి నలుగు చూడాలని ఉంది. చూడనివ్వలేదు కదా, కంప్యూటరులోనైనా చూద్దామని వీడియో నొక్కాను.

కెమెరాను పెట్టె మీద పెట్టి అది పిల్ల జడలో పూలు తురుముతోంది. పిల్ల పీట మీద కూర్చుని ఉంది. తల ఎత్తి గుమ్మం వైపు చూసింది. "అత్తేది?" అంది.

"రానందమ్మా" అంది నా స్నేహితురాలు. "నేను పిలిసినాను. నలుగుకాడికి నేనొత్తే బాగోదు, దానికి మంచిది కాదు అని తనే ఎల్లిపోనాది."

పిల్ల వాళ్లమ్మ వైపు తిరిగింది. "మాఁ, సచ్ మే? నిజంగా రానందా?"

మరదలు పసుపు గిన్నె కలుపుతోంది. తల ఎత్తలేదు. "అవును. నువ్వు తల వంచు" అంది.

పిల్ల తల వంచింది. పేరంటాళ్లు పాట అందుకున్నారు. నేను ఆ ముక్కను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. బడి వాచ్‌మన్ వచ్చి తాళం వేయాలన్నాక లేచాను.

వీడియోకు పాటలు కలపలేదు, ఏమీ కత్తిరించలేదు. ఉన్నదున్నట్టు పిల్లకు పంపాను, తులసి కోట దగ్గర దాని మాటగా నాకేం చెప్పారో కూడా కింద రాశాను. ఆదివారం మధ్యాహ్నం పార్లరుకు వెళ్లి ఆ పార్లరు ఫోటో ఫోన్లో చూపించాను. అది బుకాయించలేదు. కుర్చీలో కూర్చుని చాలాసేపు దువ్వెనలో వెంట్రుకలు తీసింది.

"ఇళ్లల్లో అంతన్నారే" అంది చివరికి. "ఆవిణ్ణి తెత్తే నిన్ను కూడా పిలవం అన్నారు. మూడు పెళ్లిళ్లు పోనాయి నీ మూలంగా. నా బతుకు నేను సూసుకోవద్దా?"

"నాతో సెప్పొచ్చు కదే. నేనే మానేద్దును."

"ఎలగ సెప్పేది? నీ మొహం సూసి ఎలగ సెప్పేది? టప్పుమని సప్పుడైతే ఆలే పంపేత్తారు, నా నోటితో అనక్కర్లేదు అనుకున్నాను."

అదీ అసలు సంగతి. నన్ను గదిలోంచి పంపించడానికి నా చేతనే నా డబ్బుతో ఆ కెమెరా కొనిపించింది, లెన్సులు పంచుకుందామని ఆశ పెట్టి మరీ కొనిపించింది. నా మొహం చూసి చెప్పలేని మనిషి నా మేనకోడలి మొహం చూసి అబద్ధం చెప్పగలిగింది. "పిల్ల దగ్గర నా మాటగా అన్నావు, నా దగ్గర పిల్ల మాటగా అన్నావు. అది కూడా బతుకు కోసమేనా?" అన్నాను. ఇంక దాని గడప తొక్కనని చెప్పి వచ్చేశాను. తమ్ముడితో ఏమీ అనలేదు. మరదలు నాకు రోజూ టీ తెచ్చి ఇస్తూనే ఉంది, నేను తాగుతూనే ఉన్నాను.

నాలుగు రోజులకు పిల్ల ఫోన్ చేసింది. డ్యూటీ అయిపోయి బస్సు కోసం నిలబడి ఉంది, వెనక హారన్లు వినిపిస్తున్నాయి.

"అత్తా, నువ్వు రానన్నావని నమ్మినాను, ముజే మాఫ్ కర్ దో" అంది. "కానీ నిన్ను బయట ఉండమని నేను అన్నానని సెప్తే నువ్వు ఎలగ నమ్మినావు? నన్ను పెంచినావు కదా."

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"తలుపు తీసే ఉంది అత్తా. ఒక్కసారి లోపలికొచ్చి నన్ను అడిగుంటే అయిపోను. ఒక అడుగే కదా."

బస్సు వచ్చిందని మళ్లీ చేస్తానంది. నేను సరేనన్నాను. పద్దెనిమిదేళ్లుగా ఆ ఒక్క అడుగు వేయకుండా ఉండడమే నేను నేర్చుకున్నానని, పిల్ల మీద నమ్మకం కంటే ఆ అలవాటే నాలో గట్టిదని దానికి ఎలా చెప్పను?